పేరు రాయని వీలునామా

నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తాము లేని ఇంటి గురించి మాట్లాడటానికి వచ్చేవాళ్లు. భూమి, ఇల్లు, బంగారం అని మొదలుపెట్టేవాళ్లు. కాసేపట్లోనే మాట ఎవరు ఏ గదిలో ఉంటారు, ఎవరికి ఎవరు అన్నం పెడతారు, ఎవరిని గుమ్మం దాటిస్తారు అనే దగ్గరికి చేరేది. చెప్తూ చెప్తూ కొందరు గొంతు తగ్గించేవాళ్లు, ఆ ఇంట్లో తాము ఓ మూల నిలబడి చూస్తున్నట్టు.

నిజామాబాద్‌లోనూ, వారంలో కొన్ని రోజులు బోధన్‌లోనూ సివిల్ వకీలుగా పనిచేశాను. పేరుకు అన్ని దావాలూ చూసినా నా పనిలో సగానికి పైగా వీలునామాలు, పంపకాలు. ఇప్పుడు కోర్టు మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చట్టం నాకంటే బాగా చదువుకుని వస్తున్నారు. పుస్తకంలో లేనిది కొంత ఉంది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

తల దిండు మీద పెట్టు

మా సీనియర్ కోపిష్టి. జూనియర్లకు చాయ్ కూడా తాగనిచ్చేవాడు కాదు. కానీ వీలునామా రాయించుకునేందుకు ఎవరైనా వస్తే ఆయన గొంతు మారిపోయేది. ఆస్తి వివరాలు అడగడానికి ముందే, "దినాలైనంక మీ ఇంటి తాళంచెవి ఎవల చేతుల ఉంటది?" అని అడిగేవాడు. వచ్చిన మనిషి తడబడేవాడు.  ఆ జవాబు వచ్చేదాకా ఆయన కలం తీసేవాడు కాదు.

ఒకసారి నవీపేట్ దగ్గర ఓ ఊరికి ఆయన వెంట వెళ్లాను. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దాయన మంచం మీద ఉన్నాడు. పెద్దకొడుకు తండ్రి తలను ఒడిలో పెట్టుకుని, రెండు అరచేతులతో చెంపలు పట్టుకుని కూర్చున్నాడు. చూడటానికి ఎంతో ప్రేమగా ఉంది. సీనియర్ అడిగిన ప్రతిదానికీ ఆ తల ఊగింది. పొలమంతా పెద్దకొడుక్కేనా అంటే ఊగింది. చిన్నవాడికి ఏమీ వద్దా అంటే ఊగింది. నేను రాసుకుంటూ పోతున్నాను. సీనియర్ అదే గొంతుతో, "నన్ను గుర్తువట్టినవా? నేను నీ అల్లుణ్ణి" అన్నాడు. మళ్లీ తల ఊగింది.

సీనియర్ కలం మూసి కొడుకు వైపు చూశాడు. "తల దిండు మీద పెట్టు. పెట్టి బయటికి నడువు."

గదిలో మేం ముగ్గురమే మిగిలాం. దిండు మీద ఆ తల రాయిలా పడి ఉంది. అంతసేపూ తల ఊపింది ఆయన కాదని అప్పుడు నాకు అర్థమైంది. సీనియర్ వంగి, అవును అంటే కళ్లు మూయమని, కాదంటే తెరిచి ఉంచమని చెప్పాడు. ఇందాకటి ప్రశ్నలే మళ్లీ అడిగాడు. పెద్దాయన రెప్ప వేయలేదు. కళ్లు ఎర్రబడ్డాయి. నీళ్లు చెంపల మీదుగా చెవుల్లోకి కారాయి. అయినా రెప్ప వేయలేదు. ఆఖరున సీనియర్, "మేం పోవాల్నా?" అని అడిగాడు. అప్పుడు మూశాడు.

ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేశాం. అప్పటి నుంచి ఆస్తి వచ్చే మనిషిని నేను గదిలో ఉండనివ్వలేదు. భార్య అయినా, ఎంత ముద్దుల కూతురైనా సరే. బయట కూర్చోబెట్టినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

పేరు మార్చాలె

లింబాద్రి చందూర్ దిక్కు రైతు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ వరికి, సోయాకు మళ్లితే, ఆయన మాత్రం ఓ మడి చెరుకు ఉంచుకుని బెల్లం గానుగకు తోలేవాడు. పొలమంతా సొంత కష్టంతో కొన్నది. అంటే ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు పూర్తిగా ఆయనది. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు సంచిలోంచి పాత వీలునామా తీసి బల్ల మీద పెట్టి, పేరు మార్చాలె అన్నాడు.

దాన్ని ఎవరో దస్తావేజు లేఖరి రాశాడు. ఆస్తంతా భార్య పోసానికి. రాసిన ఏడాదిలోపే ఆమె కామెర్లతో పోయింది. ఆస్తి ఎవరి పేర రాశామో వాళ్లు మనకంటే ముందు పోతే, మామూలుగా ఆ రాత అక్కడికి చెల్లిపోతుంది. అందుకే 'ఒకవేళ ఆమె నాకంటే ముందే కాలం చేస్తే ఫలానావారికి' అనే వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ లేఖరి అది రాయలేదు.

లింబాద్రికి కడుపున పుట్టిన పిల్లలు లేరు. కానీ ఇంట్లో గంగమణి అనే పిల్ల ఉంది, అప్పటికి బడికి వెళ్తోంది. మహారాష్ట్ర నుంచి చెరుకు నరకడానికి వచ్చిన కూలి జంట బిడ్డ. తల్లి గుడిసెలోనే కాన్పయి, రక్తం ఆగక ప్రాణం విడిచింది. తండ్రి ఆ పసిగుడ్డును పోసాని చేతిలో పెట్టి, వచ్చే సీజనుకు వచ్చి తీసుకెళ్తానని పోయి మళ్లీ రాలేదు. బడిలో తండ్రి పేరు దగ్గర లింబాద్రి అనే రాయించారు కానీ, చట్టప్రకారం దత్తత జరిగినట్టు ఎక్కడా ఏమీ లేదు. లింబాద్రి వీలునామా లేకుండా పోతే ఆ పిల్లకు గవ్వ కూడా రాదు.

పిల్ల పేరే రాద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. పసిపిల్ల పేరు చావు కాగితంలో వద్దన్నాడు. తన ఇంట్లోనే ఉండే పెళ్లికాని తమ్ముడు సాయన్న పేర రాయించి, పిల్లను అతనే చూసుకోవాలని షరతు పెట్టించాడు. తర్వాతి వారసుడి వాక్యం గురించి చెప్తే, ఒకరు బతికి ఉండగా ఇంకొకరి పేరెందుకని కొట్టిపారేశాడు.

ఆ వానాకాలం తొలి వానకు సాయన్న పొలంలో నీళ్లకు మడవ మారుస్తుంటే పిడుగు పడింది.

లింబాద్రి మళ్లీ వచ్చాడు. ఈసారి అక్క పేరు చెప్పాడు. ఎల్లవ్వను ధర్పల్లి ఇచ్చారు. ఆమెకు ఇద్దరు కొడుకులు. నేను రాశాను. వర్షాకాలంలో పొలాల్లో పిడుగులు పడటం, ముదిరిన కామెర్లకు మనిషి పోవడం మన దగ్గర వింతలేమీ కావు. నేను అలాగే అనుకున్నాను.

కొన్నాళ్లకు ఎల్లవ్వ స్వయంగా వచ్చింది. కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కింది. ఆమెను అంతకుముందు లింబాద్రి ఇంట్లో సాయన్న దినాలప్పుడు చూశాను, నిండుగా ఉండే మనిషి. ఇప్పుడు చేతికి గాజులు నిలవడం లేదు. తన పేరు కాగితంలో ఉందని తెలిసిన నాటి నుంచి ముద్ద మింగుడు పడటం లేదట. దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారట. కొడుకు సిగ్గుపడుతూ చెప్తున్నాడు. ఆమె అతని మాట మధ్యలో నా చెయ్యి పట్టుకుంది.

"వకీలమ్మా, నాకు ఆ భూమి వద్దు. నా పేరు గీకెయ్యి. నువ్వు గీకంగ నేను సూడాలె."

నేను గీకడానికి వీల్లేదని, అది ఆమె తమ్ముడి కాగితమని చెప్పాను. ఆమె అక్కడి నుంచి కదలలేదు. లింబాద్రిని పిలిపించి, ఆ వీలునామాను రద్దు చేయించాను. ఆమె చూస్తుండగానే ఆయన దాన్ని ముక్కలు చేశాడు. నెల తిరిగేసరికి ఎల్లవ్వ జొన్నరొట్టెలు తింటోందని, మనిషి తేరుకుందని విన్నాను. భయంతో మనిషి ఎండిపోవడం, భయం పోతే తేరుకోవడం ఉన్నదే. అదే అనుకున్నాను. కానీ మా ఆఫీసులో టైపు చేసే అమ్మాయి లింబాద్రి కాగితాలు ఇక తాను కొట్టనని చెప్పినప్పుడు నేను ఆమెను బలవంతపెట్టలేదు.

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయన వీలునామాకు సాక్షి సంతకం కూడా పెట్టేవాళ్లు కాదు. చుట్టాలు మంచి మాటగానే కబురు పంపేవాళ్లు, మా పేర్లు మాత్రం రాయకు అని. లింబాద్రి చాలా ఏళ్లు ఏ కాగితమూ లేకుండా ఉండిపోయాడు.

రాయి బాపు

ఒక మధ్యాహ్నం బోధన్ కోర్టు ఆవరణలో ఒక యువతి స్కూటీ ఆపి నా దగ్గరికి వచ్చింది. తాను గంగమణినని చెప్పింది. అప్పటికి లింబాద్రి వ్యవసాయమంతా ఆమే చూస్తోంది. పసుపు ఉడకబెట్టించడం, నిజామాబాద్ మార్కెట్‌కు తోలడం, మరాఠీ బేరగాళ్లతో వాళ్ల మాటలోనే గట్టిగా మాట్లాడటం, అన్నీ వచ్చు. పెళ్లి సంబంధాలు వచ్చేవి కానీ, ఎవరి పిల్ల అనే ప్రశ్న దగ్గర ఆగిపోయేవి.

బాపు వీలునామాలో తన పేరు రాయించమని అడగడానికి వచ్చింది. జరిగినవన్నీ ఆమెకు తెలుసు. భూమి కోసమా అని నేను సూటిగానే అడిగాను. ఈ పనిలో అలా అడగడం నేర్చుకోవాలి. ఆమె బాధపడలేదు. భూమి కోసం కూడా అంది. తర్వాత ఇలా చెప్పింది.

"ఊర్లె నన్ను ఇంక చెరుకు కూలోళ్ల పిల్లనే అంటరు మేడం. బాపు ఏనాడు అనలే. కానీ నేను ఆయన బిడ్డనని ఒక్క కాయితం మీదన్న ఆయన చెప్పాలె. ఆ తర్వాత ఏమన్న కానియ్యి."

లింబాద్రిని తీసుకురమ్మన్నాను. వచ్చాడు, బాగా వంగిపోయాడు. నియమం ప్రకారం ఆమెను బయట కూర్చోబెట్టి ఆయనతో ఒంటరిగా మాట్లాడాను. ఆయన మనసులో వేరే ఎవరూ లేరు. కాగితం ముందుకు జరిపితే మాత్రం చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు.

"రాస్తె పోతది. రాయకుంటె రోడ్డు మీద పడ్తది. నన్నేం జెయ్యమంటవమ్మా?"

 ఆయనే లేచి తలుపు తీసి పిల్లను లోపలికి పిలిచాడు. ఆ ఒక్కసారి నేను అడ్డుపడలేదు. ఆమె ఆయన పక్కన నేల మీద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేసింది.

"రాయి బాపు," అంది. "నేను బతికే ఉంట."

రాయించాడు. తర్వాతి వారసుడి వాక్యం పెట్టబోతే వద్దన్నాడు. 'ఒకవేళ గంగమణి నాకంటే ముందే' అనే ముక్క చదవగానే చెవులు మూసుకున్నాడు. నేను ఆ వాక్యం తీసేశాను. ఇప్పటికీ అదే వీలునామా మళ్లీ వస్తే ఆ వాక్యం ఉండాలనే వాదిస్తాను. కానీ ఆ రోజు నాకూ దాన్ని పైకి చదవబుద్ధి కాలేదు.

కొన్నాళ్ల తర్వాత వర్ని దగ్గర ఒక పంపకం కొలతలకు వెళ్లి, దారిలో వాళ్లింటికి పోయాను. గోడకు పోసాని, సాయన్న ఫోటోలు ఉన్నాయి. వాటి పక్కనే, అదే వరసలో ఒక ఖాళీ మేకు. ఎందుకు కొట్టావని అడిగితే, తాను కొట్టలేదన్నాడు. సాయన్న ఫోటో పెట్టిన నాడే అది అక్కడ ఉందట. పీకుదామని పోతే రాలేదట.

ఆయన చూపంతా వాకిట్లో ధాన్యం తిరగేస్తున్న గంగమణి మీద ఉంది. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఈయన లేచి నిలబడేవాడు. ఆమె తిరిగి కదిలితే కూర్చునేవాడు. బావి దగ్గరికి పోనివ్వడు, మబ్బు పడితే పొలానికి పంపడు. ఇంటి వెనక చెరుకు మడిలో ఆకులు గలగలమంటూనే ఉన్నాయి. వాకిట్లో ఆరేసిన చీర కొంగు మాత్రం కదలడం లేదు. నేను చాయ్ పూర్తిగా తాగకుండానే లేచాను.

జ్వరం

ఆ కార్తీకంలో గంగమణికి జ్వరం వచ్చింది. బోధన్‌లో ప్రైవేటు దవాఖానలో చేర్చారు. రక్తకణాలు పడిపోతున్నాయన్నారు. లింబాద్రి అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చెప్పులు కూడా లేవు. వీలునామా సంచిలోంచి తీసి, దీన్ని కొట్టెయ్యి అన్నాడు.

కొత్తవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆయన వయసు చూస్తే ఇంకొక వీలునామాకు అవకాశం ఉంటుందో లేదో తెలియదు. రద్దు చేస్తే, ఆయన పోయిన మరుక్షణం చట్టప్రకారం ఆస్తంతా ఎల్లవ్వది. ఆమె కొడుకులు గంగమణిని వాకిట్లో నిలబడనివ్వరని నాకు తెలుసు. కానీ వీలునామా రాసినవాడు ప్రాణంతో ఉన్నంతవరకు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చింపేయవచ్చు. వకీలుకు అది నచ్చాల్సిన పని లేదు. నేను చెప్పగలిగినంత చెప్పాను. జ్వరానికీ కాగితానికీ సంబంధం లేదన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, నువ్వు దస్తఖతు పెట్టి చెప్తవా అని అడిగాడు. 

ఆయనే చింపాడు. సన్నటి ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడే నాకు ఒక మాట తట్టింది. వీలునామాలో ఆస్తి ఎవరికో గుర్తుపట్టగలిగితే చాలు, పేరే ఉండాలని చట్టం అనలేదు. కూర్చోమని, నేనే చేత్తో రాశాను. 'పసిగుడ్డుగా నా భార్య పోసాని చేతికి వచ్చి, ఆ నాటి నుంచి నా ఇంట్లోనే పెరిగి, నన్ను బాపు అని పిలిచే నా బిడ్డకు నా యావదాస్తి చెందవలెను.' చదివి వినిపించాను. పేరు లేదు గదా అని అడిగాడు. లేదన్నాను. మళ్లీ ఒకసారి చదవమని, ఒక్కో మాట దగ్గర నా వేలు పెట్టించి విన్నాడు. అప్పుడు సంతకం చేశాడు. సాక్షులుగా మా గుమాస్తా, పక్క జిరాక్సు షాపు ఆయన సంతకాలు పెట్టారు. రిజిస్టరు చేయిద్దామంటే ఆగలేదు, దవాఖానకు పరిగెత్తాడు. వీలునామా రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది, కానీ చేయించి ఉంటే తర్వాత కొంత కష్టం తప్పేది.

ఆయన వెళ్లేసరికి పిల్లకు జ్వరం దిగిందట. కాగితం చింపిన ఘడియలోనే దిగిందని లింబాద్రి అందరికీ చెప్పుకున్నాడు. పొద్దున్నుంచే తగ్గుముఖం పట్టిందని డాక్టరు అన్నాడని కూడా విన్నాను. ఏది నిజమో నేను వెళ్లి అడగలేదు. అడగాలనిపించలేదంటే సరిగ్గా ఉంటుంది.

ఆ ఎండాకాలం లింబాద్రి చెరుకు మడి గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. దినాలకు వెళ్తే, గోడకున్న ఆ మేకుకు ఆయన ఫోటో ఉంది.

ఈ మనిషి ఎవరు

దినాలు కాగానే ఎల్లవ్వ కొడుకులు పొలం తల్లి పేరు మీదికి మార్చాలని తహసీల్దారు దగ్గరికి వెళ్లారు. విరాసత్, అంటే వారసత్వం, తమదేనన్నారు. గంగమణి వీలునామా చూపించింది. దాంతో తల్లి పేరు మీదే దావా వేశారు. ఆ వీలునామా బూటకమని, పేరే లేని వీలునామా ఎవరికీ చెందదని, గంగమణి ఆ ఇంట్లో పనిమనిషి మాత్రమేనని అందులో రాశారు. కింద ఎల్లవ్వ వేలిముద్ర ఉంది.

వీలునామా రాసిన వకీలు ఆ కేసులో సాక్షి అవుతాడు, వాదించకూడదు. కేసు మా జూనియర్‌కు అప్పగించాను. ఎల్లవ్వను కలవాలని చాలాసార్లు అనిపించింది. పోసాని చేతిలో ఆ పసిగుడ్డును పెట్టినప్పుడు అక్కడ ఉండి, ఇంకా బతికి ఉన్నది ఆమె ఒక్కతే. కానీ ఎదుటి పక్షం మనిషిని వెళ్లి కలవకూడదు. కలవలేదు.

గంగమణి కేసు గెలిచింది. పొలం ఇప్పుడు ఆమె పేర ఉంది. తీర్పులో నా సాక్ష్యం గురించి, సాక్షుల సంతకాల గురించి చాలా రాశారు. చట్టం చదివేవాళ్లకు అవన్నీ పనికొస్తాయి. కానీ కేసు తేలింది ఎల్లవ్వకు అడ్డప్రశ్నలు వేసిన రోజున, అదీ కాసేపట్లోనే.

ఆమె బోనెక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. మా జూనియర్ వీలునామాలోని ఆ వాక్యం నెమ్మదిగా చదివి, ఇందులో చెప్పిన మనిషి ఎవరో మీకు తెలుసా అని అడిగాడు. తెలియదు అనమని ఆమెకు చెప్పి తెచ్చారని నాకు అర్థమవుతూనే ఉంది. పెద్దకొడుకు గోడకానుకుని తల్లినే చూస్తున్నాడు. ఆమె పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. జడ్జిగారు మంచినీళ్లు ఇప్పించారు. తాగలేదు.

జూనియర్ మళ్లీ అడిగాడు. ఆమె జడ్జిగారి వైపు తిరిగి, "సారూ, నేను ఆ పేరు పలికితె పిల్లకేమన్న అయితదేమో" అంది.

కోర్టులో ఎవరూ నవ్వలేదు. తెలిసినంతవరకు చెప్పమని జడ్జిగారు మెత్తగా అన్నారు. ఇన్నేళ్లూ ఆమె భయం తన ప్రాణం గురించేనని నేను అనుకున్నాను.

 ఎల్లవ్వ ఆ పిల్లను దగ్గరికి రమ్మనమంది. జడ్జిగారు తల ఊపారు. గంగమణి వచ్చి బోను పక్కన నిలబడింది. ఎల్లవ్వ కటకటాల మీదుగా చెయ్యి చాపి ఆమె భుజం పట్టుకుంది.

"గిదే. గంగమణి. మా తమ్ముని బిడ్డ."

రాసుకునే గుమాస్తా రాసుకున్నాడు. మా జూనియర్ ఇంకేమీ అడగలేదు. ఎల్లవ్వ మాత్రం చెయ్యి తీయలేదు. కళ్లు చికిలించి గంగమణి ముఖంలోకి, తర్వాత గుండెల వైపు చూస్తూ నిలబడింది. ఊపిరి ఆడుతోందా అని చూస్తోందని అందరికీ తెలిసింది. ఎదుటి వకీలు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. నేను కూడా గంగమణి పమిట కదులుతోందా అనే చూస్తున్నాను.

గంగమణి ఆ ముసలి చేతి మీద తన చెయ్యి వేసింది.

"ఉన్న అత్తా," అంది. "మంచిగనే ఉన్న."